మగ్గానికో కన్ను

జూన్ 12, బుధవారం

చుక్కలు: పొద్దున ఏడు, తొమ్మిది, పదకొండు, మధ్యాహ్నం ఒంటిగంట, మూడు, ఐదు. ఆరుసార్లూ అయింది.

ఈ డైరీ చుక్కల కోసమే. ఆదోని కంటి ఆసుపత్రిలో చూపు పరీక్ష చేసే అమ్మాయి రూత్, "తాతా, సుక్కలు ఏసుకున్నప్పుడల్లా ఒక గీత పెట్టుకో, లేకుంటే మర్సిపోతావు" అంది. అల్లుడు నాగేష్ ఎవరో ఎరువుల కంపెనీ వాళ్ళిచ్చిన డైరీ తెచ్చి చేతిలో పెట్టాడు. గీతలు పెడదామని కూర్చుంటే చేయి మాటల్లోకి పోయింది. పదో తరగతి పాసైన చేయి మరి, ఊరుకుంటుందా.

నిన్న కుడికన్ను శుక్లం తీశారు. ఈ రోజు కట్టు విప్పారు. తెలుపు ఇంత తెల్లగా ఉంటుందన్న సంగతే మరిచిపోయాను. ఇన్నాళ్ళూ నేను చూసిన తెలుపంతా పసుపు నీళ్ళలో ముంచి తీసిందన్నమాట. ఎమ్మిగనూరు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివాను. "సాల్లే, గమ్మునుండు, అందరూ సూస్తాండారు" అని మా ఇంటామె శైల మోచేత్తో పొడిచింది.

ఇంటికొచ్చాక ఆమె వైపు సరిగా చూశాను. "మేయ్, నీ జుట్టు ఎప్పుడు ఇట్లా నెరిసింది?" అన్నాను.

"నువ్వు సూడనప్పుడు" అంది.

ఎడమకన్ను ఆగస్టులో చేస్తారట.

జూన్ 14

చుక్కలు ఆరు. తలకు పోసుకోకూడదు, వంగకూడదు, మగ్గం ఎక్కకూడదు. నేను దొంగతనంగా దిగుతానేమోనని శైల మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంట మీద చాప పరిచి, దాని మీద బియ్యం డబ్బా పెట్టింది.

జూన్ 19

పనిలేని మంగలి పిల్లి తల గొరిగినట్టు అంటారు, నాకు పిల్లి కూడా లేదు. పొద్దుటి నుంచి ఇంట్లోనే కూర్చుని చూస్తున్నాను.

మగ్గంలో కూర్చుంటే నా ముఖం గుడ్డ వైపు, శైల నా వెనక. అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు అయిపోతే చేయి వెనక్కి చాపుతాను, నూలు చుట్టిన నిండు కండె ఒకటి చేతిలో పడుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇంతే. ఆ కండె ఎలా నిండుతుందో ఎప్పుడూ తిరిగి చూసిన పాపాన పోలేదు.

మా మగ్గం ఆగినా పక్కింటి బసవన్న మగ్గానికి కండెలు చుట్టిస్తోంది శైల. ఈ రోజు వాకిలి దగ్గర కూర్చుని, కొత్త కన్నుతో, ఆమె రాట్నం తిప్పడం చూశాను. కుడిచేత్తో తిప్పుతుంది. కాసేపయ్యాక ఎడమచేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకుంటుంది. రెండు కండెలకొకసారి లేచి భుజాన్ని గోడకేసి నొక్కుతుంది. మళ్ళీ కూర్చుంటుంది.

"బుజం నొస్తాందా?" అని అడిగాను.

"లేదు."

"నేను సూస్తిని."

"దూరం నుంచి సూస్తే అట్లే అగుపిస్తాది" అని రాట్నం ఇంకా వేగంగా తిప్పింది.

నాకు అన్నం సయించలేదు. చుక్కలు ఆరు.

జూన్ 23, ఆదివారం

కూతురు మమత, నాగేష్ ఆదోని నుంచి వచ్చారు. నాగేష్ పత్తి మిల్లులో గుమాస్తా. మంచివాడు, మాట మెత్తన. తిన్నాక చెప్పాడు.

"మామా, మా మిల్లుకి గేటు కాడ మనిషి కావల్ల. దసరా అయినాక పత్తి మొదలైతాది. వచ్చే లారీ నంబర్లు సూసి రాసుకోవడమే పని. మిల్లులోనే గది ఇస్తారు. అత్తకి రాట్నం తిప్పే బాధ కూడా ఉండదు."

"నేను నేతగాణ్ణప్పా" అన్నాను. గట్టిగానే అన్నాను.

శైల మమతకి జడ వేస్తూ కూర్చుంది.

జూలై 10, బుధవారం

ఆసుపత్రికి పోయి వచ్చాం. కుడికన్ను బ్రహ్మాండంగా ఉందన్నారు. గోడ మీది అక్షరాల్లో అడుగు వరుస దాకా చదివాను. దగ్గరికి మాత్రం కళ్ళజోడు కావాలి, లోపల పెట్టిన లెన్సు దూరానికి పెట్టింది కాబట్టి. రూత్ చేతికి ఒక అట్ట ఇచ్చి చదవమంది, కళ్ళజోడుతో అది కూడా గడగడా చదివాను. "తాతా, నీకన్నీ కనిపిస్తాండాయి, ఇంక నీకేం తక్కువ" అంది. మగ్గం ఎక్కొచ్చని కూడా చెప్పారు.

ఇంటికి రాగానే పేపరు మొత్తం చదివాను. చావు ప్రకటనలతో సహా.

జూలై 12

మగ్గం ఎక్కాను. ఒక నెల తర్వాత గుంటలో కాళ్ళు పెడితే సొంత ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

పోగు కనబడలేదు.

కళ్ళజోడు పెట్టుకుంటే మసక. తీస్తే ఇంకో రకం మసక. ముందుకు వంగితే కనబడుతుంది, కానీ వంగి నేస్తే నాడె గడ్డానికి తగులుతుంది. చెమటకు కళ్ళజోడు జారి గుంటలో పడింది. నేను గుంటలో కాళ్ళతో వెతుకుతుంటే శైల వచ్చి తీసిచ్చింది.

నూలు బాగాలేదు.

జూలై 13

నూలు బాగాలేదు.

జూలై 15

నూలిచ్చే గోవిందుకి ఫోన్ చేశాను. అందరికీ అదే నూలు ఇచ్చానన్నాడు, ఇంకెవరూ ఏమీ అనలేదట. వెలుతురు చాలక అయ్యుంటుంది. శైల పైకప్పులో ఒక పెంకు తీయించి అద్దం పెంకు వేయించింది. వెలుతురు బాగానే వచ్చింది. మబ్బు వల్ల పెద్దగా తేడా తెలియడం లేదు.

జూలై 17

ఈ రోజు మబ్బు లేదు.

పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయిన చోట కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ అతకాలి. వేళ్ళకు బూడిద రాసుకుని, పాత కొసా కొత్త కొసా కలిపి మెలి తిప్పడం. వేలకొద్దీ పోగులు. కళ్ళు మూసుకుని చేస్తానని ఊళ్ళో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. వేళ్ళు మెలి తిప్పగలవు గానీ రంగు చూడలేవు కదా. నీలి అంచులో ఒక ఎర్ర పోగు అతికాను. అది తెలియక మూడు మూరలు నేశాను. నీలం మధ్యలో సన్నటి ఎర్ర గీత, పాపిట్లో కుంకం పెట్టినట్టు.

చూసింది శైల. కత్తెర తీసుకుని నా పక్కన గుంట అంచు మీద కూర్చుంది.

"ఇడ్సిపెట్టు. ఈ చీర నేను కట్టుకుంటా. గీత బాగనే ఉంది" అంది.

"నన్ను ఎగతాళి చెయ్యాకు" అని అరిచాను. ఆమె ఎగతాళి చేయలేదని నాకు తెలుసు. అరిచినందుకు సిగ్గుగా ఉంది. ఆ మాట ఆమెతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

జూలై 18

నాగేష్‌కి ఫోన్ చేసి గేటు పని చేస్తానని చెప్పాను. చాలా సంతోషపడ్డాడు.

నేను మగ్గం మానలేదు. కన్ను మాన్పించింది. ఆపరేషను దగ్గరి చూపును పాడుచేసింది, ఎవరేం చేస్తారు. ఒకందుకు మంచిదే. మగ్గం ఆగితే రాట్నం ఆగుతుంది. శైల భుజం గోడకేసి నొక్కుకునే పని ఉండదు.

ఆమెకు చెప్పాను. "ఊఁ" అంది.

జూలై 24, బుధవారం

ఆదోని. ఎడమకన్ను ఆపరేషను ఆగస్టు 7న. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు.

"పెద్దాయనా, ఈ కంటికి లెన్సు ఎలాంటిది పెట్టాలో మీరే చెప్పాలి. దీన్ని కూడా దూరానికే పెడితే రెండు కళ్ళూ ఒకేలా ఉంటాయి, దగ్గరి పనికి కళ్ళజోడు వాడుకోవాలి. ఎక్కువమంది అదే చేస్తారు. లేదా ఈ కన్ను దగ్గరికి పెట్టొచ్చు. అప్పుడు ఒక కన్ను దూరం చూస్తుంది, ఒక కన్ను దగ్గర చూస్తుంది. కొందరికి కుదురుతుంది, కొందరికి తల తిరిగినట్టుంటుంది. దూరం, దగ్గర రెండూ చూపించే లెన్సు కూడా ఉంది కానీ దీపాల చుట్టూ గుండ్రాలు కనబడొచ్చు, సన్నటి పని అంత తేటగా ఉండకపోవచ్చు. కళ్ళజోడు లేకుండా మీరు ముఖ్యంగా ఏం చూడాలనుకుంటున్నారు?"

నన్ను ఇంతవరకూ ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు.

"లారీ నంబర్లు" అన్నాను. "దూరానికే పెట్టండి."

డాక్టరు రాసుకున్నాడు. మనసు మారితే ఆపరేషనుకు ముందు రోజు లోపల చెప్పమన్నాడు.

బస్సులో శైల కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది. "మరి మగ్గం?"

"ఎవరిక్కావల్ల మగ్గం."

ఎమ్మిగనూరు వచ్చేదాకా ఎదురొచ్చే లారీల నంబర్లు చదువుతూ కూర్చున్నాను.

జూలై 25

బస్టాండు దాకా పోయి వచ్చాను. పదకొండు బస్సులు.

జూలై 26

బస్టాండు. తొమ్మిది బస్సులు. గేటు పనికి అలవాటవుతుందని పోతున్నాను.

జూలై 27, శనివారం

శైల పిలిచి మగ్గంలో కూర్చోమంది. ఎందుకంటే చెప్పదు. "నేసేటప్పుడు ఎట్లా కూర్చుంటావో అట్లే కూర్చో, బిగుసుకోవాకు" అంది. కూర్చున్నాను. తెల్ల నూలు పోగు ఒకటి తెచ్చి ఒక కొస నా కనుబొమ మీద ఆనించి పట్టుకుంది, ఇంకో కొస గుడ్డ మీద, నాడె పోయే చోట. బిగించి లాగి రెండు వైపులా ముడి వేసింది.

"ఏందే ఇది, దిష్టి తీస్తాండావా?"

"కదలాకు."

పోగును చుట్టి కొంగున ముడేసుకుంది. ఆమె చేయి కనుబొమకు తగిలినంతసేపూ నేను నిజంగానే కదల్లేదు.

జూలై 29, సోమవారం

శైల పొద్దునే లేచి మమతను చూసొస్తానని ఆదోని పోయింది. ఒక్కతే. నేను వస్తానంటే వద్దంది. ఆమె ఒక్కతే బస్సెక్కి పోవడం నాకు తెలిసి ఇదే మొదలు. మధ్యాహ్నం అన్నం నేనే పెట్టుకుని తిన్నాను. మూడు గంటల నుంచీ బస్టాండులో ఉన్నాను, బస్సులు లెక్కపెట్టడానికి కాదు.

నాలుగున్నర బస్సులో దిగింది. మమత ఇంటికి పోనేలేదు. తిన్నగా ఆసుపత్రికి పోయి, రూత్ బయటికొచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, కొంగు విప్పి ఆ పోగు ఆమె చేతిలో పెట్టిందట.

"తల్లీ, మా ఆయన పుస్తకం సదివే మనిషి కాదు. నేసే మనిషి. ఆయనకి ఇంత దూరంలో అగుపించల్ల."

రూత్ పోగును టేపు పక్కన పెట్టి కొలిచింది. యాభై ఎనిమిది సెంటీమీటర్లు. పుస్తకం పట్టుకునే దూరం నలభై లోపే. "అయ్యో పెద్దమ్మా, తాత మగ్గం నేస్తాడని నాకెవరూ సెప్పలేదే! ఆయనకి ఇచ్చిన అద్దాలు పుస్తకానికి సరిపోయేవి. మగ్గానికి అవి పనికిరావు" అందట. కంటికేమీ కాలేదు, ఆపరేషనుకూ ఏమీ కాలేదు.

నూలుకూ ఏమీ కాలేదన్నమాట.

ఏం పని చేస్తావని అక్కడ నన్నెవరూ అడగలేదు నిజమే. అడగకపోయినా చెప్పడానికి నాకు నోరుంది. ఈ ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఆ మాట అడగరు, ఇంట్లోంచి వచ్చే మగ్గం చప్పుడే చెబుతుంది. ఆదోనిలో కూడా అలాగే తెలిసిపోతుందనుకున్నానేమో.

రూత్ ఒక పాత ఫ్రేము ఇచ్చి పంపింది. కుడివైపు ఉత్త గాజు. ఎడమవైపు మగ్గం దూరానికి సరిపోయే అద్దం. ఎడమకంట్లో ఇంకా శుక్లం ఉంది కాబట్టి మసకగానే ఉంటుందట, అయినా ఒక కన్ను దూరానికి, ఒక కన్ను దగ్గరికి పెడితే తల తిరుగుతుందో లేదో తెలుస్తుందట. దాంతోపాటు కుడికంటికి విడిగా ఇంకో అద్దం, మగ్గం దూరానిది, ఒకసారి పెట్టి చూడమని.

నేను గేటు పనికి ఒప్పుకున్నాను. ఇవన్నీ ఇప్పుడెందుకు? ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందని పెట్టి చూస్తాను, అంతే.

జూలై 30

కుడికంటికి మగ్గం దూరపు అద్దం పెట్టుకుని గుంటలో దిగాను.

పోగు కనబడింది. ఒక్కొక్కటి. పక్కపక్కన, మెలికతో సహా.

సంతోషం రావాలి కదా. భయమేసింది. ఇన్నాళ్ళూ కన్ను మాన్పించింది అని రాసుకున్నాను. ఇప్పుడు మానితే మానింది నేనే అవుతాను.

జూలై 31

రెండు రకాల అద్దం పెట్టుకుని వీధిలో తిరిగాను. మొదటి గంట మెట్టు ఎక్కడుందో తెలియలేదు. సాయంత్రానికి సర్దుకుంది. తల తిరగలేదు. తిరిగితే బాగుండుననుకున్నాను.

ఆగస్టు 1

గొడవ పడ్డాం. అంతా రాస్తాను.

శైల అడిగింది. "కన్ను బాగుంది. పోగు అగుపిస్తాంది. మరి గేటు కాడికి ఎందుకు పోతావు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాను. అద్దాలు జారతాయన్నాను. వయసయిందన్నాను. వినలేదు. చివరికి చెప్పేశాను. "నీ బుజం కోసం. నేను మగ్గంలో కూర్చుంటే నువ్వు రాట్నం కాడ కూర్చోవల్ల. నువ్వు గోడకేసి నొక్కుకునేది నేను సూసినా. నాకు ఓర్చుకోవడానికి కాలేదు."

మెత్తబడుతుందనుకున్నాను. లేదు, కోపంతో ముఖం ఎర్రబడింది.

"నా బుజాన్ని అడ్డం పెట్టుకోని మగ్గం ఇడ్సిపెడ్తావా? ముప్పై ఎనిమిదేండ్లు నీ ఎనకాల్నే కూర్చుంటిని. ఒక్కసారన్నా తిరిగి సూస్తివా? ఇప్పుడు కన్నొచ్చి సూసి, నన్ను ఒక్క మాటన్నా అడక్కుండా నీకు నువ్వే తీర్మానం చేస్కుంటివి."

నిజం. "సరే, ఇప్పుడు అడుగుతాండా, సెప్పు" అన్నాను.

"మిల్లు గేటు కాడ కాపురానికి నేను రాను. నువ్వు బస్టాండులో బస్సులు లెక్కపెట్టేది కూడా నేను సూడలేను. రాట్నం దినమంతా తిప్పలేను. బుజం నొస్తాది. శానా దినాల నుంచి నొస్తాది. ఇవన్నీ నిజమే. నువ్వే ఆలోచన చెయ్యి" అని లేచి పోయింది.

భుజం నొస్తోందని ఆమె నోటితో చెప్పడం ఇదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ఎడమకన్ను, కుడికన్ను రెండూ సమానంగానే ఏడ్చాయి.

ఆగస్టు 3

ఆలోచన చేశాను. సగం పూట నేస్తే సగం కండెలు చాలు. కానీ ఆ సగం కూడా శైల భుజమే చుట్టాలి.

మా నేతగాళ్ళలో మగవాడు రాట్నం ముందు కూర్చోడు. మగ్గం మగవాడిది, రాట్నం ఆడదానిది. ఎందుకో మా నాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. కూర్చుంటే వీధి మొత్తం నవ్వుతుంది. బసవన్న అయితే ఏడాదంతా నవ్వుతాడు. ఊరికే రాస్తున్నాను, ఇందులో ఏమీ లేదు.

ఆగస్టు 5

నాగేష్‌కి ఫోన్ చేసి రానని చెప్పాను. "అత్త వద్దన్నాదా?" అన్నాడు. "అడిగితే సెప్పింది" అన్నాను. "పోనీలే మామా, ఇంకో మనిషిని సూస్తాంలే" అన్నాడు. మంచివాడని ముందే రాశాను.

ఆగస్టు 6, మంగళవారం

ఆసుపత్రిలో చేరాం. రూత్‌కి చెప్పాను, ఎడమకన్ను దగ్గరికి పెట్టండి, పుస్తకం దగ్గరికి కాదు, మగ్గం దగ్గరికి అని. ఆ పిల్ల అప్పటికే డాక్టరుకి చెప్పి ఉంచిందట. "పెద్దమ్మ తెచ్చిన కొలత నా దగ్గరనే ఉంది తాతా" అంది. డాక్టరు వచ్చి, కొలత అచ్చంగా అంతే కుదురుతుందని మాట ఇవ్వలేను, కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, అప్పుడు పల్చటి అద్దం వాడుకోవాలి అన్నాడు. మాట ఇవ్వకపోవడం నాకు నచ్చింది.

శైల పక్కన కూర్చుని వేరుశనక్కాయలు వలిచి పెడుతోంది. భయంగా ఉందా అని అడిగితే లేదన్నాను. ఉంది.

ఆగస్టు 8

కట్టు విప్పారు. వెలుతురు. మిగతాది మెల్లగా తెలుస్తుందట. చుక్కలు ఆరు.

ఆగస్టు 13

గుండీలు నేనే పెట్టుకున్నాను. అగ్గిపెట్టె మీది అక్షరాలు మాత్రం రావడం లేదు, వాటికి కళ్ళజోడు కావాలి. అగ్గిపెట్టెలు చదివే పని నాకేముంది.

ఆగస్టు 28, బుధవారం

నిన్న ఆదోని పోయి చూపించుకుని వచ్చాం. కొలత కుదిరింది. ఈ రోజు నుంచి మగ్గం ఎక్కొచ్చన్నారు.

పొద్దునే గుంట తుడిచాను. పడుగు దులిపాను. బుట్టలో చేయి పెడితే కండెలు లేవు, ఒక్కటి కూడా. శైల రాట్నం వైపు పోతోంది, చేతులు తుడుచుకుంటూ.

"ఉండు" అన్నాను. నేను పోయి రాట్నం ముందు కూర్చున్నాను.

ఆమె అలాగే నిలబడిపోయింది. "లెయ్యయ్యా. ఎవరన్నా సూస్తారు."

"సూడనీ. నాకూ కండ్లొచ్చినాయి, వాళ్ళకీ ఉండాయి."

చూడ్డానికి సులువు గానీ ఒక చెయ్యి తిప్పాలి, ఒక చెయ్యి పోగు పట్టాలి, పట్టు వదలకూడదు, బిగించకూడదు. మొదటి కండె మధ్యలో లావై కొసల్లో సన్నమై పోయింది. శైల దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది నాడెలో పట్టదు. దీన్ని గూట్లో పెట్టి పూజ చెయ్యల్ల" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి భుజం పట్టుకుని అక్కడే చాప మీద కూలబడింది. నేనూ నవ్వాను. రెండోది తెగింది. మూడోది తెగింది. "పోగును గట్టిగ పట్టాకు, అదేం పారిపోదు" అని చాప మీద పడుకునే చెప్పసాగింది. నాలుగోది పరవాలేదంది. ఐదోదానికి ఏమీ అనలేదు. చుట్టి చూపిద్దామని తిరిగాను.

నిద్రపోయింది. చేయి తల కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని. నాకూ ఆమె ముఖానికీ మధ్య ఆమె కొలిచిన ఆ పోగంత దూరమే. కనుబొమలో రెండు తెల్లవెంట్రుకలు. కంటి కొసల్లో ముడతలు లెక్కపెట్టేంత తేటగా. మిగిలిన కండెలు చుట్టాలి, కానీ రాట్నం చప్పుడుకి లేస్తుందేమోనని చక్రం చేత్తో ఆపి పట్టుకున్నాను.

అప్పుడే బసవన్న నూలు కోసం వాకిట్లోకి వచ్చాడు. రాట్నం ముందు నన్ను చూసి నవ్వడానికి నోరు తెరిచాడు. వేలు పెదాల మీద పెట్టి ఆమె వైపు చూపించాను. నోరు మూసుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కి పోయాడు.

ముప్పై ఎనిమిదేళ్ళలో శైల పగటిపూట నిద్రపోగా చూడడం ఇదే మొదలు. మధ్యాహ్నం దాకా చూశాను. మగ్గం రేపు ఎక్కుతాను.